ఉపాధి పనికి 307 అన్నారు, ఖాతాలో 210 పడింది: మిగతాది ఎటు పోయింది?

మీ ప్రశ్న ఇది: 2025 ఎండాకాలంలో మీ అమ్మగారు పది మంది ఉన్న శ్రమశక్తి సంఘంతో, అంటే కలిసి పనిచేసే కూలీల జట్టుతో, ఆరు రోజులు ఉపాధి హామీ పథకం పనికి వెళ్లారు. కొండవాలులో కందకాలు తవ్వారు. కూలీ రోజుకు 307 రూపాయలని అందరూ చెప్పారు. బ్యాంకులో చూస్తే రోజుకు 210 లెక్కన 1,260 మాత్రమే పడింది. మిగతా 97 ఎవరు తిన్నారు, అసలు ఈ పథకం లోపల ఎలా నడుస్తుంది, పనులు ఎవరు నిర్ణయిస్తారు అని అడిగారు.

నేను మొదట టెక్నికల్ అసిస్టెంట్‌గా టేపు పట్టి కొలతలు తీశాను, తర్వాత సామాజిక తనిఖీ బృందాలతో తిరిగి అలాంటి కొలతలనే మళ్లీ సరిచూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఎవరో తిన్నారన్న మీ అనుమానం నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. 307 అనే అంకె 210గా మారేది ఎక్కడో తెలిస్తే ఆ రెండింట్లో ఏదో మీరే తేల్చుకోగలరు.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 307 అనేది పనికి వచ్చి నిలబడితే ఇచ్చే రోజు కూలీ కాదు. 2025-26కి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కేంద్రం ప్రకటించిన రేటు అది. అంతకు ముందు ఏడాది 300. ఒక మనిషి ఎనిమిది గంటలు, అందులో ఒక గంట విశ్రాంతి పోగా, పనిచేస్తే ఎంత మట్టి తవ్వగలరో అంచనా వేసి, అంత తవ్వినవాళ్లకు ఆ రేటు పూర్తిగా ముట్టేలా పని రేట్లు కట్టాలని చట్టం చెబుతుంది. తవ్వింది తగ్గితే కూలీ తగ్గుతుంది. తవ్విన మట్టిని తక్కువగా కొలిచినా తగ్గుతుంది. తవ్వనివాళ్ల పేర్లు మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఉన్నా తగ్గుతుంది. ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, ఖాతాలో 210గానే కనిపిస్తాయి. కారణాలు మాత్రం పూర్తిగా వేరు.

కాస్త వెనక్కి వెళ్తాను, ఎందుకంటే ఈ పథకంలో కూలీకి ఉన్న బలమంతా అది చట్టం కావడంలోనే ఉంది. కరువొస్తే ప్రభుత్వం దయతలిచి పనులు పెట్టడం మన దగ్గర పాత అలవాటే. అనంతపురం వైపు ముసలివాళ్లు ఇప్పటికీ దీన్ని కరువు పని అనే అంటారు. అడిగినవాళ్లకు పని ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని ముందుగా చట్టం చేసింది మహారాష్ట్ర. 1970ల మొదట్లో వచ్చిన పెద్ద కరువులో అక్కడ మొదలైన హామీ పథకానికి 1977లో చట్టం వచ్చింది. దేశమంతటికీ అలాంటి చట్టం కావాలంటే 2005 దాకా ఆగాల్సి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించింది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి గ్రామీణ జిల్లాలన్నీ దీని కిందికి వచ్చాయి. 2009లో మహాత్మా గాంధీ పేరు చేర్చారు.

మీ అమ్మగారు పనిచేసిన ఆ 2005 చట్టంలో ఉన్నది సూటిగా చెప్పాలంటే ఇంతే: పల్లెలో ఉన్న ఏ కుటుంబంలోనైనా 18 ఏళ్లు నిండినవాళ్లు మట్టిపనికి సిద్ధమని అడిగితే 15 రోజుల్లో పని చూపాలి, ఆర్థిక సంవత్సరంలో కుటుంబానికి 100 రోజుల దాకా. వంద రోజులు మనిషికి కాదు, కుటుంబానికి. ఇక్కడ చాలామంది పొరబడతారు, అత్తాకోడళ్లు ఒకే జాబ్ కార్డులో ఉంటే ఇద్దరి రోజులూ కలిపే లెక్క. పెళ్లయి వేరుపడిన కొడుకు కుటుంబానికి వేరే కార్డు అడగొచ్చు, అడగాలి కూడా. కరువు మండలంగా ప్రకటిస్తే మరో 50 రోజులు ఇచ్చే వీలుంది. అటవీ హక్కు పట్టా తప్ప వేరే భూమి లేని గిరిజన కుటుంబాలకు 150 రోజులు. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి, దాటితే కూలీ మీద 10 శాతం అదనం.

15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి రావాలి. మొదటి 30 రోజులకు కూలీలో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. ఈ భృతి రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి, కూలీ డబ్బు మాత్రం కేంద్రం ఇస్తుంది. అంటే పని చూపిస్తే రాష్ట్రానికి కూలీ ఖర్చు లేదు, చూపించకపోతే భృతి ఖర్చు. రాష్ట్రాల చేత పని పెట్టించడానికే చట్టం రాసినవాళ్లు ఈ కొలికి పెట్టారు. మరి మీ ఊళ్లో నిరుద్యోగ భృతి అందుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? దాదాపు ఎక్కడా ఉండరు. కారణం చిన్నదే. కూలీలు నోటితో అడుగుతారు, ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ సరే అంటాడు, పని మొదలయ్యే వారం వచ్చాక ఆ వారం తేదీతోనే డిమాండ్, అంటే పని కావాలన్న అర్జీ, కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. కాగితం మీద అడిగిన రోజూ, పని ఇచ్చిన రోజూ పక్కపక్కనే ఉంటాయి. ఆలస్యమన్నది రికార్డులో పుట్టనే పుట్టదు. అందుకే నేను ఎక్కడికి వెళ్లినా మొదట చెప్పేది ఇదే: పని కావాలని తెల్ల కాగితం మీద రాసి, పంచాయతీలోనో మండల ఆఫీసులోనో ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వడం వాళ్ల విధి. సంఘమంతా కలిసి ఒకే దరఖాస్తు ఇవ్వొచ్చు. ఆ ముక్క చేతిలో లేకపోతే హామీ అన్న మాటకు కూలీ వైపు నుంచి సాక్ష్యం ఏమీ ఉండదు.

ఇక మీ 97 రూపాయల దగ్గరికి వద్దాం.

వారం పని అయ్యాక టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి కొలతలు తీసుకుంటాడు. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. నేల రకాన్ని బట్టి ఘనపు మీటరుకు ఒక రేటు ఉంటుంది. మట్టిని ఎంత దూరం మోశారు, ఎంత లోతు నుంచి పైకి ఎత్తారు అన్నదాన్ని బట్టి అదనం కలుస్తుంది. వచ్చిన మొత్తాన్ని మస్టరులో ఆ సంఘం వేసుకున్న హాజరు దినాలతో భాగిస్తారు. అదే మనిషికి పడే రోజు కూలీ.

మీ అమ్మగారి సంఘం లెక్కే వేద్దాం. అర్థం కావడానికి ఘనపు మీటరుకు 200 రూపాయలు అనుకుంటున్నాను, మీ ఊరి నేలకు అసలు రేటు వేరే ఉంటుంది, అది మండల ఆఫీసులో అడిగితే చెప్పాలి. పది మంది, ఆరు రోజులు, 60 హాజరు దినాలు. అందరికీ 307 రావాలంటే మొత్తం 18,420 రూపాయల పని జరగాలి, అంటే సుమారు 92 ఘనపు మీటర్లు. ఒక్కో కందకం 3 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు అనుకుంటే ఒకటిన్నర ఘనపు మీటరు. అలాంటివి 62 తవ్వాలి. సంఘం 42 తవ్వింది అనుకోండి: 63 ఘనపు మీటర్లు, 12,600 రూపాయలు, 60తో భాగిస్తే సరిగ్గా 210. ఇలా జరిగి ఉంటే ఎవరూ ఏమీ తినలేదు, పనే అంత జరిగింది.

అవే 42 కందకాలను కొలిచేటప్పుడు లోతు 50 సెంటీమీటర్లకు బదులు 40 రాస్తే ఏమవుతుందో చూడండి. ఒక్కో కందకం 1.2 ఘనపు మీటర్లకు పడిపోతుంది, మొత్తం 50.4, డబ్బు 10,080, మనిషికి రోజుకు 168. జానెడు కూడా లేని తేడా, రోజుకు 42 రూపాయలు పోయాయి. వాలు నేలలో ఇది ఊరికే జరిగిపోతుంది. కందకానికి ఎగువ గట్టు ఎత్తుగా, దిగువ గట్టు పల్లంగా ఉంటుంది. దిగువ వైపు టేపు పెట్టి ఒకే ఒక్క లోతు తీసుకుని పుస్తకంలో రాసేస్తే కూలీలకు నష్టం. రెండు వైపులా తీసి సగటు కట్టాలి. చెరువు పూడికలోనూ, పంట కుంటల్లోనూ తవ్వే చోట మధ్యమధ్య కొంత మట్టిని తవ్వకుండా దిమ్మెలుగా వదలమనేది ఇందుకే. పాత నేలమట్టం ఎంత ఎత్తులో ఉండేదో ఆ దిమ్మె చూపిస్తుంది. కొలతలు పూర్తయ్యేదాకా దాన్ని కూలగొట్టవద్దని సంఘంలో అందరికీ చెప్పండి. వాన పడి కందకంలోకి మట్టి జారితే అప్పుడూ లోతు తగ్గినట్టే కనిపిస్తుంది, కాబట్టి వానకు ముందే కొలతలు తీయమని పట్టుబట్టాలి.

నేల రకం ఇంకా పెద్ద సంగతి. మన రాయలసీమ కొండవాలుల్లో పైన ఒక అడుగు మెత్తటి ఎర్రమట్టి, దాని కింద గరుసు, ఆ కింద రాళ్లు కలిసిన గట్టి మొరం. గడ్డపార దిగదు. ఆ మొరాన్ని అంచనాలో మెత్తని నేలగా రాసి ఉంటే, పది మంది రోజంతా ఒళ్లు హూనం చేసుకున్నా 307 రాదు. ఇందాకటి లెక్కలో గట్టి నేల రేటు 250 అనుకుందాం. అదే 63 ఘనపు మీటర్లకు 15,750 వస్తుంది, మనిషికి రోజుకు 262 రూపాయల 50 పైసలు. అంటే ఒక్క చెమట చుక్క ఎక్కువ కార్చకుండా, నేల పేరు సరిగ్గా రాసినందుకే రోజుకు 50 రూపాయలకు పైగా పెరిగింది. నేల రకాన్ని పని మొదలుకాకముందే అంచనాలో రాస్తారు. మొదటి రోజు గడ్డపార వేసి చూసి, నేల గట్టిగా ఉంటే ఆ రోజే మేట్ చేత, అంటే పనిచోట హాజరు చూసుకునే మనిషి చేత, టెక్నికల్ అసిస్టెంట్‌కు ఫోన్ చేయించండి. వారం గడిచి డబ్బు పడ్డాక చెబితే వినేవాళ్లు తక్కువ.

మూడో కారణం అన్నిటికన్నా బాధ కలిగించేది, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను. మస్టరులో మీ సంఘానికి పది మంది బదులు పన్నెండు మంది హాజరు పడిందనుకోండి. ఆ ఇద్దరూ గడ్డపార ముట్టుకోలేదు, బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్నారు, లేదా ఊళ్లోనే పలుకుబడి ఉన్నవాళ్ల ఇంటివాళ్లు. చాలామంది ఏమంటారంటే, పోనీలే, సర్కారు సొమ్మే కదా, వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తే మనకేం నష్టం అని. ఎంతో మంచివాళ్లు కూడా నా ముందే ఈ మాట అన్నారు. లెక్క చూడండి. జరిగిన పని 12,600 రూపాయలది. దాన్ని 60తో కాక 72తో భాగిస్తారు. రోజు కూలీ 175కి దిగుతుంది. ఆ ఇద్దరికి వెళ్లిన 2,100 రూపాయలు సర్కారు ఖజానా నుంచి అదనంగా రాలేదు, ఎండలో తవ్విన పది మంది దగ్గర తలా 210 చొప్పున కోసి ఇచ్చినవే. ఒక రోజు పూర్తి కూలీ. పనిని కొలిచి, మనుషుల సంఖ్యతో పంచే పద్ధతి ఉన్నంతకాలం దొంగ హాజరు సొమ్ము పక్కన తవ్వేవాళ్ల చేతుల్లోంచే పోతుంది. ఈ ఒక్క సంగతి సంఘంలో అందరికీ అర్థమైతే, మస్టరు చదివించుకోకుండా ఎవరూ ఊరుకోరని నా నమ్మకం.

దీన్ని అడ్డుకోవడానికే హాజరు ఫోన్ యాప్‌లోకి తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధి పనులకు తప్ప, అన్ని పనులకూ ఇది తప్పనిసరి అయింది. మేట్ రోజుకు రెండుసార్లు పనిచోట ఫోటో తీసి, అది ఎక్కడ తీశారో తెలిసేలా అప్‌లోడ్ చేయాలి. ఉద్దేశం మంచిదే. కానీ పనికి సంబంధం లేని ఫోటోలు పెట్టడం, ఫోటోను చూపించి దానికే ఫోటో తీయడం లాంటి మోసాలు జరుగుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. మరోవైపు సిగ్నల్ లేని కొండ కింద పనిచేసినవాళ్ల ఫోటో ఎక్కక, నిజంగా వచ్చినవాళ్ల హాజరు చిక్కుల్లో పడుతోంది. పొద్దున ఆరింటికే వచ్చి పని ముగించుకున్న ఆడవాళ్లు రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవడం నేను చాలాచోట్ల చూశాను. తవ్వాల్సిన మట్టి తవ్వేశాక మనిషిని ఫోటో కోసం నిలబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. పని కొలతను బట్టి డబ్బు ఇస్తున్నప్పుడు గంటల కాపలా ఎందుకు?

మీ అమ్మగారు ఎండాకాలం వెళ్లారు కాబట్టి ఇంకో ముక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి నుంచి చాలా ఏళ్లు మన దగ్గర వేసవి భత్యం ఉండేది. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నెలను బట్టి 20 నుంచి 30 శాతం దాకా. ఎండకు నేల బిగుసుకుపోతుంది, మనిషి తవ్వగలిగేది తగ్గుతుంది కాబట్టి తక్కువ పనికే పూర్తి కూలీ దక్కేది. రాష్ట్రాల సొంత సాఫ్ట్‌వేర్ పోయి కేంద్రం సాఫ్ట్‌వేర్ వచ్చాక అది ఆగిపోయింది. ఊళ్లో పెద్దవాళ్లు ఒకప్పుడు ఇంతే పనికి ఎక్కువ వచ్చేది అంటే వాళ్ల మాట కొట్టిపారేయకండి.

డబ్బు ఖాతాలోకి వచ్చే దారి ఇప్పుడు. కొలతలు, మస్టరు కంప్యూటర్‌లో ఎక్కాక మండలంలో ఎఫ్‌టీవో, అంటే నిధుల బదిలీ ఆదేశం, తయారవుతుంది. రెండు సంతకాలు డిజిటల్‌గా పడి అది పైకి వెళ్తుంది. అక్కడి నుంచి కేంద్రం నేరుగా కూలీ ఖాతాకు పంపుతుంది. మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలీ చేతికి అందాలి, పదహారో రోజు నుంచి బకాయి మీద రోజుకు 0.05 శాతం పరిహారం. వెయ్యి రూపాయలకు రోజుకు అర్ధరూపాయి, అంతే. పైగా ఎఫ్‌టీవో పంపేదాకా జరిగిన జాప్యాన్నే లెక్కలోకి తీసుకుంటారు, ఆ తర్వాత పై స్థాయిలో వారాల తరబడి ఆగినా దానికి పరిహారం లెక్కకట్టరు. ఇది కూలీలకు జరుగుతున్న అన్యాయమని సూటిగానే అంటాను. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటికి నెల ఆలస్యమంటే వడ్డీకి అప్పు.

2024 జనవరి 1 నుంచి చెల్లింపులన్నీ ఆధార్ ఆధారంగానే జరుగుతున్నాయి. అంటే జాబ్ కార్డు మీద రాసిన ఖాతాకు కాక, ఆధార్‌తో చివరిగా ముడిపడిన ఖాతాకు డబ్బు వెళ్తుంది. ఫోన్ షాపులో వేలిముద్ర వేయించుకున్నప్పుడు తెరుచుకున్న పేమెంట్స్ బ్యాంకు ఖాతా కావచ్చు, గ్రూపు రుణం కోసం తెరిచిన ఇంకో ఖాతా కావచ్చు. నాకు డబ్బే పడలేదు అని ఏడ్చిన ఎంతోమందికి అది ఎక్కడో తాము మరిచిపోయిన ఖాతాలో భద్రంగా దొరికింది. బ్యాంకుకు వెళ్లి, ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయి ఉందో అడగండి, చెబుతారు. పేరులో ఒక్క అక్షరం ఆధార్‌లో ఒకలా, జాబ్ కార్డులో ఒకలా ఉన్నా చెల్లింపు తిరిగొచ్చేస్తుంది. మన ఇంటిపేర్లు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరాల్లో రాయడం వల్ల ఈ బాధ మనకు మరీ ఎక్కువ.

పనులు ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా అడిగారు. గ్రామసభ. ఏటా అక్టోబరు 2 నుంచి మొదలయ్యే గ్రామసభల్లో రాబోయే ఏడాది పనుల జాబితా ఖరారు కావాలి. విలువలో కనీసం సగం పనులు పంచాయతీ ద్వారానే జరగాలి. కాంట్రాక్టర్లు ఉండకూడదు, కూలీ పనిని తినేసే యంత్రాలు వాడకూడదు. జిల్లాలో అయ్యే ఖర్చులో 60 శాతానికి తగ్గకుండా కూలీకి, మిగతా 40 శాతంలోపు సిమెంటు, కంకర లాంటి సామగ్రికి, నైపుణ్య కూలీకి. మీ ఊళ్లో ఉపాధి నిధులతో వేసిన సీసీ రోడ్డు ఉంటే, అది ఈ 40లోంచి వచ్చిందే. కూలీ ఖర్చు 60 రూపాయలు జరిగితేనే సామగ్రికి 40 వస్తాయి. రోడ్ల బిల్లుల మీద ఊరి పెద్దలకు ఉన్న ఆసక్తి కూలీల కొలతల మీద ఉండకపోవడం నేను ప్రతి మండలంలో చూశాను. ఆ రోడ్డు పుట్టిందే మీ అమ్మగారు తవ్విన కందకాల వల్ల అని సర్పంచి గారికి ఎవరో ఒకరు గ్రామసభలో గుర్తుచేయాలి.

ఆ కందకాలు ఊరికే తవ్విన గుంతలూ కావు. కొండ మీద పడ్డ నీరు మట్టిని కోసుకుపోకుండా ఆగి, కింది బోర్లకు ఊరుతుంది. సన్నకారు రైతుల చేలల్లో పంట కుంటలు, మామిడి తోటలు, దళిత గిరిజన కుటుంబాల బీడు భూముల చదును, ఇవన్నీ ఈ పని కిందే జరిగాయి. కర్నూలు పడమర మండలాల నుంచి సుగ్గికి, అంటే కూలీకి వలస, పోయే కుటుంబాల్లో, ఊళ్లో పని సరిగ్గా దొరికిన ఏడాది పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోవడం తగ్గుతుంది. కరోనా లాక్‌డౌన్ తర్వాత నగరాల నుంచి జనం ఇళ్లకు తిరిగొచ్చిన 2020-21లో దేశం మొత్తం మీద 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. అలా తిరిగొచ్చినవాళ్లలో ఎంతోమందికి ఆ ఏడాది గడ్డపారే ఆధారం.

పనిచోట నీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలి. చిన్న పిల్లలు అయిదుగురికి తగ్గకుండా ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలీ ఇవ్వాలి. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఉచితం, ఆసుపత్రిలో చేరితే కూలీలో సగానికి తగ్గని భత్యం. ఇవి అడిగితే తప్ప రావు.

ఇప్పుడు మీరు చేయగల పని. జాబ్ కార్డు నంబరు తీసుకుని ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ వరుసగా ఎంచుకుంటే మీ కార్డు తెరుచుకుంటుంది. ఏ వారం ఏ పనికి వెళ్లారు, మస్టరు నంబరు ఎంత అన్నవి అందులో ఉంటాయి. మస్టరు నంబరు నొక్కితే ఆ వారం ఎవరెవరికి ఎన్ని రోజులు హాజరు పడిందో పేర్లతో సహా కనిపిస్తుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, చట్టం దాన్ని బహిరంగంగా ఉంచమంది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరు చదవండి. ఈమె వచ్చిందా, ఈయన వచ్చాడా అని అడగండి. పదీ సరిపోతే మూడో కారణం కొట్టేయొచ్చు. తర్వాత మండల ఆఫీసులో ఉపాధి పనులు చూసే అధికారి ఏపీవోను కలిసి కొలతల పుస్తకంలో ఆ పని పేజీ చూపించమనండి: ఎన్ని కందకాలు, లోతు ఎంత, నేల రకం ఏమని రాశారు. వానకు పూడిపోకుండా కందకాలు ఇంకా ఉంటే టేపు పట్టుకెళ్లి మీరే లెక్కపెట్టండి. తేడా కనిపిస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మండల స్థాయిలో ప్రోగ్రామ్ అధికారి ఏడు రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే జిల్లాలో ఈ పథకం చూసే డ్వామా ప్రాజెక్టు డైరెక్టర్ (పీడీ), ఆ పైన ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్.

సామాజిక తనిఖీ బృందం మీ మండలానికి వచ్చినప్పుడు తప్పకుండా కలవండి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో ఊరి మధ్య నిలబడి మస్టర్లు బహిరంగంగా చదవడం మొదలుపెట్టింది. దాన్ని ప్రభుత్వ వ్యవస్థగా మార్చి, 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది మన ఉమ్మడి రాష్ట్రం. కూలీల పిల్లలే, చదువుకున్నవాళ్లు, శిక్షణ తీసుకుని పక్క ఊళ్లకు వెళ్లి ఇంటింటికీ తిరిగి మస్టరు చదివి వినిపిస్తారు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక పెడతారు. అక్కడ మీ అమ్మలాంటి మనిషి మైకు ముందు నిలబడి, ఈ పేరున్నాయన మా పనికి ఒక్కరోజు కూడా రాలేదు అని చెప్పడం చూశాక ఈ పని మీద నాకు గౌరవం రెట్టింపైంది. బయటపడ్డ సొమ్ములో తిరిగి వసూలయ్యేది కొంతే, అది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. అయినా ఒకసారి మస్టరు బహిరంగంగా చదివిన ఊళ్లో తర్వాత కొంతకాలం దొంగ పేర్లు తగ్గుతాయి.

చివరగా, కొత్త చట్టం మాటేమిటి అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో వీబీ జీ రామ్ జీ అని పిలుస్తున్న చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి 125 రోజులు అన్నారు, అది మంచిదే. కానీ మన రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలి, ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే నిర్ణయించేస్తుంది, అది దాటితే రాష్ట్రమే పెట్టుకోవాలి. విత్తే కాలం, కోత కాలం కలిపి ఏడాదిలో 60 రోజుల దాకా పనులు ఆపవచ్చు. ఇంతకు ముందు పని చూపిస్తే రాష్ట్రానికి కూలీ ఖర్చు లేదని పైన రాశాను కదా, ఆ కొలికి కొత్త చట్టంలో ఊడిపోయింది. పని పెట్టిన ప్రతిరోజూ రాష్ట్రానికి ఖర్చే. అడిగినవాళ్లందరికీ పని ఇవ్వాలన్న మాట దీనివల్ల బలహీనపడుతుందని నా భయం, అందుకే డిమాండ్ రసీదు మునుపటికన్నా ఇప్పుడు ఎక్కువ అవసరం. మీ అమ్మగారి పని మాత్రం పాత చట్టం కింద జరిగింది, ఆ బకాయిని ఆ లెక్కనే అడగండి.

కొలతల పుస్తకంలో కందకాల సంఖ్య, లోతు, నేల రకం, ఘనపు మీటరు రేటు చూసి ఇక్కడ రాయండి, మస్టరులో మొత్తం హాజరు దినాలు ఎన్నో కూడా. జాబ్ కార్డు నంబరు, పేర్లు, ఆధార్ వివరాలు పెట్టకండి, అవి అక్కర్లేదు. ఆ అయిదు అంకెలు ఉంటే 97 రూపాయలు ఎక్కడ పోయాయో లెక్క కట్టి చెబుతాను, ఫిర్యాదు కాగితం రాయాల్సి వస్తే అదీ రాసిస్తాను.